టైమింగ్ బెల్టు పని ఇంట్లోనే చేసుకుంటే తప్పేంటి?

కార్లంటే కాస్త ఇష్టం ఉన్నవాళ్లు ఇంజన్ ఆయిల్ ఇంట్లోనే మార్చుకుంటారు, ఎయిర్ ఫిల్టరు, ప్లగ్గులు మార్చుకుంటారు, ఇంకాస్త ధైర్యం ఉంటే బ్రేకు ప్యాడ్లు కూడా మారుస్తారు. ఇంజన్ లోపలి భాగాల్ని ఒకే లెక్కలో తిప్పే టైమింగ్ బెల్టు అనేసరికి మాత్రం "అమ్మో, అది ఇంజన్ పని, దాని జోలికి పోవద్దు" అంటారు. నాకు ఈ లెక్క తిరగబడినట్టు కనిపిస్తుంది. బ్రేకులు సరిగ్గా బిగించామో లేదో బండి కదిలించి పెడలు తొక్కితే గానీ తెలీదు. టైమింగ్ సరిగ్గా కలిసిందో లేదో మాత్రం తాళంచెవి ముట్టుకోకముందే, బండి ఇంకా స్టాండ్ల మీద ఉండగానే, పానాతో ఇంజన్‌ని చేత్తో తిప్పి చూసుకోవచ్చు. తేడా ఉంటే అక్కడే తెలుస్తుంది, అక్కడే సరిచేసుకోవచ్చు, పైసా నష్టం ఉండదు. ఇంత పెద్ద పనికి ఇంత తేలికైన పరీక్ష ఉండటం కారులో ఇంకెక్కడా నేను చూడలేదు.

రెండో సంగతి, బెల్టు మీది కవరు మూసేశాక లోపల ఏం జరిగిందో ఎవరికీ కనిపించదు. బెల్టు మార్చారా, దాన్ని బిగువుగా ఉంచే టెన్షనర్ మార్చారా, కారుతున్న ఆయిల్ సీలు అలాగే వదిలేశారా, ఏదీ బయటికి తెలీదు. బిల్లు మీద ఏం రాసుంటే అది నమ్మాల్సిందే. చేసేవాడు కళ్లారా చూసుకోగలిగిన పని, చేయించుకునేవాడు అస్సలు చూడలేని పని ఇది. అందుకే చేతనైనవాళ్లు దీన్ని సొంతంగా చేసుకోవాలని నేను గట్టిగా అంటున్నాను. డబ్బు మిగులుతుందా అంటే మిగులుతుంది, కానీ నేను చెప్పేది దానికోసం కాదు.

అసలు ఆ బెల్టు ఏం చేస్తుందో ఒకసారి చూద్దాం. కింద పిస్టన్లు క్రాంక్ షాఫ్టుని తిప్పుతాయి, పైన సిలిండర్ల మీది మూతలో (దాన్నే హెడ్డు అంటారు) కామ్ షాఫ్టు వాల్వుల్ని తెరుస్తుంది, మూస్తుంది. క్రాంక్ రెండు చుట్లు తిరిగితే కామ్ ఒక్క చుట్టు తిరగాలి. ఈ లెక్క తప్పకుండా రెండింటినీ కట్టి ఉంచేది అంగుళం వెడల్పు అటూ ఇటూగా ఉండే ఒక పళ్ల బెల్టు. ఇంజన్ 3,000 ఆర్‌పీఎంలో ఉందంటే క్రాంక్ సెకనుకి 50 చుట్లు తిరుగుతోంది, కామ్ 25 చుట్లు, అంటే ప్రతి వాల్వూ సెకనుకి 25 సార్లు తెరుచుకుని మూసుకుంటోంది. తెరుచుకున్న వాల్వు ఎంత లోపలికి దిగుతుందో, పిస్టన్ ఎంత పైకి వస్తుందో చూస్తే చాలా ఇంజన్లలో ఆ రెండూ వాడుకునే చోటు ఒకటే, సమయం మాత్రమే వేరు. ఇలాంటి వాటిని ఇంటర్‌ఫియరెన్స్ ఇంజన్లంటారు. బెల్టు తెగితే కామ్ ఎక్కడిదక్కడ ఆగిపోతుంది, క్రాంక్ ఊపు మీద ఇంకా తిరుగుతూనే ఉంటుంది, పైకొచ్చిన పిస్టన్ తెరిచి ఉన్న వాల్వుని కొడుతుంది. ఇక హెడ్డు దించాలి, వంగిన వాల్వులు మార్చాలి, వాల్వు గైడ్లు చూడాలి, అదృష్టం బాగోకపోతే పిస్టన్ కూడా పోతుంది. బెల్టు ఖరీదుతో పోలిస్తే ఆ ఖర్చు ఎక్కడికో పోతుంది. పాత కారైతే ఆ డబ్బు పెట్టడం కంటే తుక్కుకి అమ్మేద్దామనే మాట కూడా ఇంట్లో వస్తుంది.

రబ్బరు కదా అని దాన్ని తక్కువగా చూడాల్సిన పని లేదు. 1962లో జర్మనీలో గ్లాస్ అనే చిన్న కంపెనీ తన 1004 కారులో ఈ పళ్ల బెల్టు పెట్టింది, అంతకుముందు ఈ పనికి చెయిన్లో గేర్లో వాడేవాళ్లు. చప్పుడు తక్కువ, బరువు తక్కువ, ఆయిల్ అక్కర్లేదు, ఖర్చు తక్కువ. అప్పటి బెల్టుల రబ్బరు వేరు, ఇప్పుడు ఎక్కువగా వాడేది వేడిని బాగా తట్టుకునే హెచ్‌ఎన్‌బీఆర్ అనే రకం. లోపల బలమంతా గాజు పోగులది, పళ్ల మీద నైలాన్ గుడ్డ ఉంటుంది. ఈ గాజు పోగుల సంగతి గుర్తుపెట్టుకోండి. కొత్త బెల్టుని మడతపెట్టి జేబులో పెట్టుకోవడం, మెలితిప్పి చూడటం, స్క్రూడ్రైవర్‌తో గేరు మీదికి నెట్టడం లాంటివి చేస్తే లోపలి పోగులు విరుగుతాయి. పైకి ఏమీ కనిపించదు. ఎప్పుడో తెగుతుంది, అప్పుడు బెల్టు కంపెనీని తిడతాం.

అన్ని కార్లకీ బెల్టు ఉండదు, ఇది ముందు తేల్చుకోవాలి. మారుతి కె సిరీస్ ఇంజన్లకి చెయిన్. డీజిల్ స్విఫ్ట్‌లో వచ్చిన 1.3 మల్టీజెట్‌కీ చెయినే. ఐ10లో 1.1 ఇంజన్‌కి బెల్టు, అదే కారులో 1.2 కప్పా ఇంజన్‌కి చెయిన్, అంటే పేరు చూసి కూడా చెప్పలేం. పాత మారుతి 800, జెన్, ఎస్టీమ్, ఇండికా డీజిల్, శాంత్రో, పాత హోండా సిటీ, 2.5 డీజిల్ ఇన్నోవా, 1.5 డీజిల్ డస్టర్, వీటన్నిటికీ బెల్టే. హైదరాబాద్‌లో ఇవి ఇంకా కుప్పలుగా తిరుగుతున్నాయి. 15 ఏళ్లు నిండితే ఫిట్‌నెస్ చేయించి, గ్రీన్ ట్యాక్స్ కట్టి, రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించుకుని నడుపుకునేవాళ్లు మా బిల్డింగులోనే ఉన్నారు, వాళ్లలో నేనూ ఒకణ్ని. నాది శాంత్రో జింగ్.

బెల్టు ఎప్పుడు మార్చాలి అన్నది బండి మాన్యువల్ చెబుతుంది, ఇంజన్‌ని బట్టి సాధారణంగా 60,000 నుంచి లక్ష కిలోమీటర్లు, కొన్నిట్లో అంతకంటే ఎక్కువ, లేదా ఇన్నేళ్లు, ఏది ముందు వస్తే అది. మనవాళ్లు కిలోమీటర్లు చూస్తారు, ఏళ్లు చూడరు. "నాది తక్కువ తిరిగిన బండి సార్" అని గర్వంగా చెబుతారు. తక్కువ తిరిగిన బండే ఇక్కడ ఎక్కువ ప్రమాదం. మీటరు లెక్కపెట్టేది చక్రాల చుట్లని, బెల్టు లెక్క ఇంజన్ చుట్లది. గంటకి సగటున 60 కిలోమీటర్ల వేగంతో హైవే మీద 60,000 కిలోమీటర్లు తిరిగిన ఇంజన్ వెయ్యి గంటలు నడిచింది. అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి రోజూ పాక్కుంటూ సగటున 20 కిలోమీటర్ల వేగంతో అదే 60,000 తిరిగిన ఇంజన్ మూడు వేల గంటలు నడిచింది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు కూడా బెల్టు ఆగదు, పైగా గాలి తగలక బానెట్ కింద ఉక్కపోస్తూ ఉంటుంది. మే నెలలో బయట నలభై దాటిన రోజు, ఏసీ వేసుకుని పంజాగుట్ట దగ్గర ఇరుక్కున్న కారులో ఆ రబ్బరు ఎంత వేడిలో ఉంటుందో ఆలోచించండి. అందుకే మన ఊళ్లో తిరిగే బండికి మాన్యువల్‌లో చెప్పిన అంకె కంటే ముందే మార్చాలన్నది నా అభిప్రాయం.

పాత బెల్టుని చూసి నిర్ణయిద్దాం అంటారు కొందరు. చూసి చెప్పలేం. పగుళ్లు ఉంటే పోయినట్టే, నిజమే, కానీ పగుళ్లు లేవు కాబట్టి బాగుంది అనడానికి లేదు. ఇప్పటి రబ్బరు చివరిదాకా నల్లగా, శుభ్రంగానే కనిపిస్తుంది.

ఇంకో విషయం, బెల్టు తనంతట తాను తెగడం కంటే దాని పక్కనున్నవి పాడై దాన్ని తెంపడం ఎక్కువ. టెన్షనర్ బేరింగు పట్టేస్తుంది, కామ్ సీలు నుంచో క్రాంక్ సీలు నుంచో ఆయిల్ కారి రబ్బరు ఉబ్బుతుంది, కొన్ని ఇంజన్లలో ఇదే బెల్టుతో తిరిగే వాటర్ పంపు జామ్ అవుతుంది. మా పై అంతస్తులో ఉండే ఆయన సెకండ్ హ్యాండ్ బండి కొన్నాడు, అమ్మినవాడు బెల్టు మార్చిన బిల్లు కూడా చేతిలో పెట్టాడు. బెల్టు మార్చిన మాట నిజం. టెన్షనర్ మాత్రం పాతదే ఉంచారు. ఔటర్ రింగ్ రోడ్డు మీద శంషాబాద్ దాటాక బేరింగు పట్టేసి బెల్టుని పక్కకి నెట్టేసింది, నడిరోడ్డు మీద ఇంజన్ ఆగిపోయింది, పక్కనుంచి 120 మీద బండ్లు పోతుంటే భార్యనీ పిల్లల్నీ దింపి రైలింగ్ అవతల నిలబెట్టాడు. హెడ్డు దించి చూస్తే వాల్వులు వంగి ఉన్నాయి. ఆ బిల్లులో అబద్ధం ఒక్కటీ లేదు, "టైమింగ్ బెల్టు – 1" అనే రాసి ఉంది. అడగాల్సింది ఏంటో ఆయనకి తెలీదు, చెప్పాల్సిన అవసరం వాళ్లకి కనిపించలేదు.

నా బండి విప్పినప్పుడు నేను చూసింది కూడా చెబుతాను. కింది కవరు తీసేసరికి దాని మూలలో ఎండిపోయిన ఎర్రమట్టి, గోరుతో గీకితే పెచ్చులుగా ఊడొచ్చింది. కవరుకి ఉండాల్సిన బోల్టుల్లో ఒకటి లేదు, ఆ సందులోంచే వానాకాలం నీళ్లు, మట్టి లోపలికి పోయాయి. 2020 అక్టోబరు వరదల్లో ఎన్ని సెల్లార్లు మునిగాయో, ఎన్ని కార్లు నీళ్లలో నానాయో మనందరికీ తెలుసు. అలాంటి బండ్ల లోపల ఎవరైనా ఈ కవరు విప్పి చూశారా అని నాకు అప్పట్నుంచీ అనుమానం. బెల్టు చూడటానికి బాగానే ఉంది, పళ్లు అన్నీ ఉన్నాయి, కానీ టెన్షనర్‌ని వేలితో తిప్పితే గరగరమంటోంది. కొత్త బేరింగు అయితే గ్రీజు ఉన్నట్టు కొంచెం బరువుగా, చప్పుడు లేకుండా తిరిగి ఆగుతుంది. ఇది చక్రంలా గిర్రున తిరిగింది, అంటే లోపల గ్రీజు ఎండిపోయింది. కామ్ సీలు కింద వేలు పెడితే జిడ్డు. బయట నుంచి చూస్తే ఇంజన్ చక్కగా నడుస్తున్న బండే ఇది.

ఇక పని సంగతి. నేను మొత్తం మాన్యువల్ ఇక్కడ రాయను, మీ ఇంజన్ మాన్యువల్ మీరు సంపాదించుకోవాలి, అది లేకుండా చేయొద్దు. పాత హోండా సిటీల్లో ఇంజన్ అందరికీ విరుద్ధంగా ఎడమవైపు తిరుగుతుంది. అలాంటి తేడాలు ఊహించుకుని తెలుసుకునేవి కావు. నేను చెప్పదలుచుకున్నవి జనం భయపడేవి, జనం భయపడాల్సి ఉన్నా భయపడనివి.

భయపడాల్సింది ముందు జాకీకి. కారుతో వచ్చిన జాకీ మీద బండి నిలబెట్టి కింద చేతులు పెట్టే మనుషుల్ని చూస్తే నాకు గుండె ఆగినంత పనవుతుంది. ఇటుకలు పెడతారు, సిమెంటు దిమ్మెలు పెడతారు. ఇటుక పగిలేముందు చెప్పదు. యాక్సిల్ స్టాండ్లు రాణిగంజ్‌లో దొరుకుతాయి, జీవితాంతం ఉంటాయి, అవి కొనే ఉద్దేశం లేకపోతే ఈ పని మొదలుపెట్టొద్దు. మా సెల్లారులో ర్యాంపు దగ్గర నేల వాలుగా ఉంటుంది, అందుకని లోపల స్తంభం పక్కన చదునైన చోటు చూసుకున్నాను, వెనక చక్రాలకి రెండువైపులా చెక్కలు పెట్టాను. బ్యాటరీ నెగటివ్ తీసేశాను, పొరపాటున ఎవరైనా తాళం తిప్పినా ఏమీ కాకూడదు. అసోసియేషన్ వాళ్లతో ముందే మాట్లాడాను, కింద అట్టలు పరిచి, చుక్క ఆయిల్ నేల మీద పడకుండా చూస్తానన్నాను, ఎవరూ అడ్డుచెప్పలేదు. వాచ్‌మన్ బల్బు పెద్దది పెట్టిచ్చాడు.

తర్వాత క్రాంక్ చివరి పుల్లీని పట్టి ఉంచే బోల్టు. ఈ పనిలో ఒళ్లు వంచాల్సింది ఇక్కడొక్కచోటే. కొన్ని ఇంజన్లలో ఇది 150 న్యూటన్ మీటర్లకు పైనే బిగించి ఉంటుంది, అంటే అర మీటరు రాడ్డు చివర 30 కిలోల బరువు వేలాడదీసినంత, అది కొత్తగా బిగించినప్పటి మాట, ఏళ్ల తరబడి పట్టేశాక ఇంకా ఎక్కువే కావాలి. దీనికి ఒక అడ్డదారి చాలా షెడ్డుల్లో వాడతారు, రాడ్డుని బాడీకి ఆనించి స్టార్టర్ కొట్టడం. బోల్టు ఊడుతుంది, నిజమే. రాడ్డు జారితే ఎటు ఎగురుతుందో ఎవరి చేతుల్లోనూ ఉండదు, పక్కన నిలబడ్డ కుర్రాడి మొహం మీదికి రావచ్చు. దయచేసి ఎవరూ అది చేయొద్దు, చేస్తుంటే చూస్తూ ఊరుకోవద్దు. మా బామ్మర్ది సీట్లో కూర్చుని ఐదో గేరు వేసి బ్రేకు గట్టిగా తొక్కిపట్టాడు, నేను సాకెట్ రాడ్డుకి రెండడుగుల ఇనప పైపు తొడిగి, పానా జారితే చెయ్యి ఎక్కడ కొట్టుకుంటుందో ముందు చూసుకుని, కుదుపు లేకుండా బరువంతా వేసి నొక్కాను. మొదట ఏమీ జరగలేదు. "బావా, ఇంజన్ మొత్తం కదులుతోంది, ఆపేద్దామా?" అన్నాడు వాడు. ఇంకాస్త నొక్కితే టప్‌మని శబ్దం వచ్చి బోల్టు వదిలేసింది. ఆ శబ్దానికి పై మెట్ల మీద నుంచి ఇద్దరు తొంగిచూశారు.

ఇంజన్‌ని బాడీకి పట్టి ఉంచే కుడివైపు మౌంటు తీయాల్సి ఉంటుంది కాబట్టి ఆయిల్ సంప్ కింద చెక్క పెట్టి జాకీతో ఇంజన్ బరువు మోయించాలి. కవర్లు తీశాక మొదటి సిలిండరు పిస్టన్ పైకి వచ్చేలా క్రాంక్ తిప్పి, క్రాంక్ గుర్తు, కామ్ గేరు గుర్తు రెండూ వాటి వాటి స్థానాల్లో ఉన్నాయో లేదో చూడాలి. పాత బెల్టు మీదా గేర్ల మీదా వైట్‌నర్‌తో గుర్తులు పెట్టుకుని, వాటినే కొత్త బెల్టు మీదికి ఎక్కించే పద్ధతి ఒకటి ఉంది, అది మంచిదే, కానీ కంపెనీ గుర్తులు కలిశాయని చూసుకున్నాకే. పోయినసారి బిగించినవాడు ఒక పన్ను తప్పించి ఉంటే మన వైట్‌నర్ గుర్తులు ఆ తప్పునే మళ్లీ బిగిస్తాయి. ఒక పన్ను అంటే ఎంత? క్రాంక్ గేరుకి 20 పళ్లుంటే ఒక పన్ను 18 డిగ్రీలు. బండి స్టార్ట్ అవుతుంది, పికప్ ఉండదు, పెట్రోలు తాగుతుంది, యజమాని ఏళ్ల తరబడి "పాత బండి కదా" అనుకుంటూ నడుపుతాడు. ఇలాంటి బండ్లు ఈ ఊళ్లో చాలానే ఉంటాయని నా నమ్మకం.

గుర్తులు చూసేటప్పుడు ఒక చిక్కుంది. ఆ ఇరుకులో తల పట్టదు, పక్క నుంచి చూస్తే కలిసిన గుర్తు సగం పన్ను తప్పినట్టు కనిపిస్తుంది, తప్పినది కలిసినట్టు కనిపిస్తుంది. ఫోన్ కెమెరాని గేరుకి ఎదురుగా, సరిగ్గా మధ్యకి పెట్టి ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. నేను ప్రతి దశలోనూ అదే చేశాను, అవే తర్వాత రికార్డుగా కూడా పనికొచ్చాయి.

బెల్టు తీశాక క్రాంక్‌ని గానీ కామ్‌ని గానీ తిప్పకూడదు. కొత్త బెల్టుని పాతదాని పక్కన పరిచి పళ్లు లెక్కపెట్టండి, వెడల్పు, పంటి ఆకారం చూడండి. దొంగ సరుకు మార్కెట్లో ఉంది, డబ్బా అచ్చు అసలుదానిలాగే ఉంటుంది. పుత్లీబౌలిలో నేను ఎప్పట్నుంచో కొనే షాపాయన బిల్లు రాసిస్తాడు, పార్టు నంబరు కూడా రాస్తాడు, బిల్లు ఇవ్వనంటే అక్కడ కొనొద్దు. బెల్టు ఒక్కటే కొనొద్దు, టెన్షనర్, బెల్టుకి దారి చూపే ఐడ్లర్ పుల్లీ ఉంటే అది, కామ్ సీలు, క్రాంక్ సీలు, వాటర్ పంపు ఆ కవర్ల వెనకే ఉంటే అది కూడా. ఇంత విప్పాక వాటిని పాతవే వదిలేయడం నాకు అర్థం కాని పొదుపు.

బెల్టు క్రాంక్ దగ్గర మొదలుపెట్టి, టెన్షనర్ లేని వైపు వదులు లేకుండా లాగి పట్టుకుంటూ కామ్ మీదికి ఎక్కించి, వదులంతా టెన్షనర్ వైపుకి తెచ్చి, అప్పుడు టెన్షనర్ వదలాలి. ఇక్కడి నుంచే నేను మొదట్లో చెప్పిన పరీక్ష. ప్లగ్గులు తీసేసి ఉంచండి. ప్లగ్గులు ఉంటే సిలిండర్లలో నొక్కుకుపోయే గాలి ఒత్తిడి, అంటే కంప్రెషన్ అడ్డుపడి, ఏది కంప్రెషన్ బరువో ఏది ఇనుముకి ఇనుము తగలడమో చేతికి తెలీదు. ప్లగ్గులు లేకపోతే ఇంజన్ మణికట్టు బలంతో తిరుగుతుంది. పానా పెట్టి క్రాంక్‌ని ఇంజన్ తిరిగే దిశలోనే నెమ్మదిగా తిప్పాలి, రెండు పూర్తి చుట్లు. రెండే ఎందుకంటే అప్పటికి కామ్ ఒక చుట్టు పూర్తిచేస్తుంది, ప్రతి వాల్వూ ఒకసారి తెరుచుకుని మూసుకుంటుంది, ప్రతి పిస్టనూ పైదాకా వచ్చి వెళ్తుంది. టైమింగ్ బాగా తప్పి ఉంటే ఎక్కడో ఒకచోట పిస్టన్ వాల్వుకి ఆనుతుంది, పానా అక్కడ గట్టిగా ఆగిపోతుంది. ఆగితే ఆపేయాలి, బలం వాడకూడదు. చేతి వేగంతో తగిలితే, మనం ఆగితే, ఏదీ వంగదు. వెనక్కొచ్చి మళ్లీ కలుపుకోవడమే. రెండు చుట్ల తర్వాత గుర్తులు తిరిగి వాటి స్థానాలకే వస్తే టైమింగ్ కలిసినట్టు. అప్పుడు మాన్యువల్ చెప్పినట్టు టెన్షన్ ఇంకోసారి సరిచూసి, టెన్షనర్ బోల్టుని, ఎంత బలంతో బిగిస్తున్నామో చూపించే టార్క్ రెంచితో బిగించి, ఇంకో రెండు చుట్లు తిప్పి, మళ్లీ గుర్తులు చూసుకోవాలి.

ఇదంతా చేశాక స్టార్ట్ చేయడానికి భయమెందుకు? నాకైతే ఆ క్షణంలో టెన్షన్ అనిపించలేదు, ఎందుకంటే తెలుసుకోవాల్సినది అప్పటికే తెలుసుకున్నాను. షెడ్డులో బండి ఇచ్చి ఇంట్లో కూర్చుని ఫోన్ కోసం చూసినప్పుడు ఉండే టెన్షన్ దీనికంటే చాలా ఎక్కువ.

నాతో వాదించేవాళ్లు మూడు మాటలంటారు. మొదటిది, మెకానిక్కుల పొట్ట కొడుతున్నావు. ముషీరాబాద్‌లో మా ఉస్తాద్‌కి ఈ సంగతి చెప్పినప్పుడు ఆయనేమీ నొచ్చుకోలేదు, "నువ్వు విప్పుకో అన్నా, గుర్తులు కలిపినాక ఫోటో పంపు, నేను సూస్త, అప్పటిదాంక తాళం తిప్పకు" అన్నాడు. పంపాను, చూశాడు, టెన్షనర్ బోల్టు దగ్గర ఇంకో ఫోటో అడిగాడు. ముప్ఫై ఏళ్లుగా ఆ పనిలో ఉన్న మనిషి కన్ను అది, దాని విలువ నాకు ఇంట్లో చేసుకున్నాకే ఇంకా బాగా తెలిసింది. ఆయన దగ్గర రోజుకి వచ్చే బండ్ల ఒత్తిడిలో ఒక బండికి ఇంత సమయం పెట్టలేడు, సాయంత్రానికి డెలివరీ ఇవ్వాలి, పక్కన ఇంకోటి నిలబడి ఉంటుంది. నాకు ఆ ఒత్తిడి లేదు. రెండు రోజులు పట్టినా పడుతుంది. నేను ఆయనకంటే పనిమంతుణ్ని కాదు, నా దగ్గర ఆయనకంటే సమయం ఎక్కువ ఉంది, ఈ పనికి కావాల్సింది అదే.

రెండోది, నీ సమయం విలువ ఎంత, ఆ రెండు రోజులు ఆఫీసు పని చేసుకుంటే మెకానిక్‌కి ఇచ్చే డబ్బు వస్తుంది కదా. ఈ లెక్క వేసేవాళ్లు శనివారం ఎవరూ ఆఫీసు పని చేసి అదనంగా సంపాదించడం నేను చూడలేదు. పైగా నా కుటుంబాన్ని ఎక్కించుకుని ఊరికి పోయే బండిలో ఏముందో తెలుసుకోవడానికి పెట్టిన సమయం అది, దాన్ని గంటకింత అని కట్టడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు.

మూడోది నేను పూర్తిగా ఒప్పుకునేది. అన్ని ఇంజన్లకీ ఇది కుదరదు. ఫోక్స్‌వ్యాగన్ టీడీఐ లాంటి డీజిళ్లలో క్రాంక్‌నీ కామ్‌నీ లాక్ చేసే ప్రత్యేకమైన పనిముట్లు కావాలి, ఎకోస్పోర్ట్‌లో వచ్చిన 1.0 ఎకోబూస్ట్ బెల్టు ఆయిల్లోనే మునిగి తిరుగుతుంది, దాని సంగతే వేరు. వాటిని ఆ పనిముట్లు ఉన్నవాళ్లకే వదిలేయండి. జీవితంలో పానా పట్టనివాళ్లు కూడా నేరుగా ఇక్కడ మొదలుపెట్టొద్దు, ముందు ఆల్టర్నేటర్ బెల్టు మార్చండి, ప్లగ్గులు తీసి పెట్టండి, బోల్టు ఎంత బిగిస్తే సరిపోతుందో చేతికి తెలియనివ్వండి. టార్క్ రెంచి లేకుండా ఈ పని వద్దే వద్దు.

ఇంట్లో చేసుకోలేనివాళ్లు షెడ్డులో చేయించుకున్నా ఒక్కటి మాత్రం అడగండి, కవరు మూసే ముందు పిలవమనండి. పిలిస్తే వెళ్లండి, ఆఫీసులో మీటింగ్ ఉందని ఫోన్‌లోనే సరేననేయొద్దు. మీ కళ్ల ముందు పానాతో రెండు చుట్లు తిప్పి గుర్తులు చూపించమనండి, టెన్షనర్ కొత్తదా అని చూడండి, సీళ్ల కింద వేలు పెట్టి జిడ్డుందేమో చూడండి, పాత బెల్టు, పాత బేరింగు సంచిలో వేసి ఇమ్మనండి. కింది కవరుకి బోల్టులన్నీ పడ్డాయో లేదో లెక్కపెట్టండి. ఆ తేదీ, మీటరు అంకె, మార్చిన సామాన్ల పేర్లు ఒక స్టిక్కర్ మీద రాసి పై కవరుకి అతికించండి. మా ఉస్తాద్ ఇప్పుడు తన దగ్గరికి వచ్చే ప్రతి బెల్టు బండికీ ఆ స్టిక్కర్ వేస్తున్నాడు. కవరు మూసేముందు ఓనర్లకి ఫోన్ కూడా చేస్తున్నాడు, వచ్చేది మాత్రం పదిమందిలో ఒకరేనట.